అనుభవం: లేదు

గేటు కింది పట్టీకి ఆఖరి అతుకు వేసి, చివర గుంట పడకుండా వెల్డింగ్ రాడ్డుని వెనక్కి చిన్న కొక్కెంలా తిప్పి, అందరూ పుర్రచెయ్యి అని పిలిచే పిల్ల మొహం మీంచి మాస్కు తీసింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పైన కట్టిన నల్లటి చిట్టెం పెళ్ళలుగా ఊడిపడి, కింద అతుకు అలలు అలలుగా మెరిసింది. ఆ అలలు చూసినప్పుడల్లా ఆ పిల్లకి కడుపు నిండినట్టుంటుంది. ఎవరూ చూడకుండా వేలితో ఒకసారి తడిమింది. చురుక్కుమంది. కాలుతుందని తెలిసే తడుముతుంది.

"అయిందా అమ్మాయ్?" అన్నారు మాస్టారు, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే. అటువైపు ఎవరికో "సాయంత్రానికి పంపించేస్తానండీ, రంగొక్కటే మిగిలింది" అని చెప్పి, ఇటు తిరిగి "ఒరేయ్ పొడుగూ, రంగు డబ్బా తియ్. ఎండ ఉండగానే ఒక పూత పడాలి" అన్నారు.

ఆ రేకుల షెడ్డు పేరు శిక్షణ కేంద్రం. వెల్డింగ్ నేర్పి, పరీక్ష పెట్టించి, సర్టిఫికెట్ ఇప్పించి, ఉద్యోగం చూపిస్తామని బయట బోర్డు మీద రాసుంది. అన్నీ చేస్తారు, కాదనడానికి లేదు. మొదట చెయ్యాల్సిన నేర్పడం ఒక్కటే ఎక్కడో జారిపోయింది. గోడవారన మిషన్లు వరసగా ఉన్నాయి గానీ పనిచేసేది ఒక్కటి. ఆ ఒక్కటీ పొద్దస్తమానం మాస్టారు బయట ఒప్పుకుని తెచ్చిన గేట్లకీ కిటికీ చట్రాలకీ సరిపోతుంది. కదలకుండా పట్టుకునేవాళ్ళు కొందరు, అరగదీసేవాళ్ళు కొందరు, రంగు వేసేది పొడుగు. అతుకు మాత్రం పుర్రచెయ్యి వెయ్యాల్సిందే.

చేరిన రోజున రాడ్డు బిగించే హోల్డరుని ఎడమచేత్తో పట్టుకుంటే "ఎవరే ఈ పుర్రచెయ్యి" అని నవ్వారు మాస్టారు. ఇప్పుడు హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తు రాదు. కొన్నాళ్ళకి ఆ చేతి అతుకు చూసి ఆయనే "నీకొక్కదానికే అబ్బిందే ఈ విద్య. మిగతావి మట్టిచేతులు" అన్నారు. ఆ మాటని జాగ్రత్తగా ఇంటికి మోసుకెళ్ళి అమ్మమ్మకి చెప్పుకుంది. పడుకునే ముందు తలుచుకుంది కూడా.

మధ్యాహ్నం రెజ్యూమే మేడం వచ్చింది. వారానికోసారి వస్తుంది. భుజాన బరువు సంచీ, చేతిలో సగం తాగిన నీళ్ళ సీసా, ఇంకో రెండు చోట్లకి వెళ్ళాలన్న తొందర మొహంలో. పరీక్ష వచ్చే వారమే. ఆ రోజునే బస్సు బాడీలు కట్టే షెడ్డు నుంచి ఫోర్‌మన్ వచ్చి మనుషుల్ని ఎంచుకుంటాడు. అతని చేతికి ఒక్కొక్కరి కాగితం వెళ్ళాలి.

"బయోడేటా అనకండి, రెజ్యూమే అనండి. ఒక్కటే కాగితం. చూసేవాళ్ళు మీకోసం కేటాయించేది ఒక గుక్క టీ తాగినంతసేపు. ఆలోపల నచ్చాలి. రాసుకోండి. లక్ష్యం: మంచి సంస్థలో కష్టపడి పనిచేసి సంస్థ అభివృద్ధికి తోడ్పడటం."

"మన అభివృద్ధి రాయకూడదా మేడం?" అన్నాడు పొడుగు, వేళ్ళకంటిన ఆకుపచ్చ రంగుని ప్యాంటుకి తుడుచుకుంటూ.

"ఉద్యోగం వచ్చాక రాసుకో నాన్నా. బలాలు: కష్టపడే తత్వం, సమయపాలన, నలుగురితో కలిసి పనిచెయ్యడం. బలహీనతలు రాయొద్దు. అడిగితే మాత్రం, పని పూర్తయ్యేదాకా నాకు నిద్ర పట్టదండీ అని చెప్పండి."

"నిద్ర పట్టకపోతే మర్నాడు పనెలా చేస్తాం మేడం?" అంది కళ్ళజోడు. ఆ తరగతిలో ఆడపిల్లలు ఇద్దరే, పుర్రచెయ్యి కాకుండా ఇంకొకతె ఆ కళ్ళజోడు పిల్ల. చట్రాలు అరగదీసి అరగదీసి ఆమె అద్దాల నిండా గీతలు.

మేడం కూడా నవ్వేసింది. "తర్వాత అనుభవం. ఇక్కడ 'లేదు' అని రాసుకోండి. మీరంతా కొత్తవాళ్ళు కదా."

పుర్రచెయ్యి పెన్ను ఆగింది. "మేడం, మరి గేట్లు?"

"ఏ గేట్లమ్మా?"

వాకిట్లో రంగు ఆరుతున్న గేటు వైపు ఆ పిల్ల చూపు తిప్పేలోపే మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. "అది ప్రాక్టీసు మేడం. చెయ్యి తిరగడానికి చేయిస్తుంటాం. ప్రాక్టీసుని అనుభవం అని రాస్తే కంపెనీవాళ్ళు నవ్విపోతారు. రాయవే, లేదు అని రాయి."

రాసింది. ఎడమచేతి రాత కదా, రాసిన మాట మీదుగానే చెయ్యి జరుగుతుంది. 'లేదు' చెదిరి, ఆ సిరా అంతా అరచేతి అంచుకి అంటుకుంది.

*

అమ్మమ్మ ఇస్త్రీ గది ఒక పెద్ద భవనం మెట్ల కింద ఉంటుంది. మామూలు మనిషి నిలబడితే తల తగులుతుంది. "నన్ను కొలిచి కట్టారే ఈ మెట్లు" అంటుంది అమ్మమ్మ. ఇస్త్రీపెట్టెని ఒకప్పుడు ఒంటిచేత్తో ఆడించేది. ఇప్పుడు కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, ఎత్తేటప్పుడు ఎడమచేతిని కూడా సాయం పెడుతోంది. ఎవరైనా చూస్తే మాత్రం సాయం చెయ్యి తీసేస్తుంది.

"చేతికేంటే ఆ మరక?"

"రెజ్యూమే."

"అదేం జబ్బే?"

"జబ్బు కాదు అమ్మమ్మా. నా గురించి నేను రాసుకునే కాగితం. ఉద్యోగానికి."

"ఏం రాసుకున్నావేంటి?"

"సమయపాలన ఉందని."

"రోజూ పొద్దున్నే నిన్ను లేపలేక నా ప్రాణం పోతోంది. ఆ ముక్క నన్నడిగి రాయాల్సింది." చొక్కా కాలరు తిప్పి నీళ్ళు చిలకరించింది. "ఇంకా?"

"అనుభవం లేదని."

అమ్మమ్మ ఇస్త్రీపెట్టెని పక్కకి నిలబెట్టింది. "లేదన్నది ఎవరు?"

"మాస్టారు. అదంతా ప్రాక్టీసట."

"ఓహో. ఆ మూలమీది ఇంటికి బిగించారే మొన్న, నువ్వు చూపించావు కూడా, ఆ గేటు ఇంటాయన ప్రాక్టీసుకి బిగించుకున్నాడా? దొంగలొస్తే ప్రాక్టీసుగా ఆపుతుందా అది?" చొక్కాని చేతుల్లోకి తీసుకుని దులిపింది. "ఇది చూడు. తేమ చల్లి, మడత తీసి, గుండీల మధ్య కూడా పోనిచ్చి తోమాను. రేపు దీన్ని తొడుక్కుని ఆయన ఆఫీసుకి పోతాడు. ఇది నా పనా, ప్రాక్టీసా?"

"నీ పనే."

"మరి నీది ఎవరి పని?"

 ఆ పిల్ల పక్కన నిలబెట్టిన ఇస్త్రీపెట్టె అందుకుని, బల్లకి అటువైపుకి వెళ్ళింది. ఆ బల్ల కుడిచేతివాళ్ళకి పెట్టిన బల్ల. ఎడమచేత్తో తోమాలంటే గోడకి ఒరుసుకుని నిలబడాలి. అలవాటే.

అమ్మమ్మ పీట మీద కూర్చుని మణికట్టు నొక్కుకుంటూ చాలాసేపు తనలో తను గొణుక్కుంది. ఆ తర్వాత మామూలు గొంతుతో అంది: "అయినా ఇప్పుడేం గొడవ పెట్టుకోకు. ఆ బస్సుల షెడ్డులో నీకు చోటు దొరికిన రోజు ఈ పెట్టెని కిందికి దించేస్తాను, మళ్ళీ ముట్టుకోను. సర్టిఫికెట్ చేతిలో పడేదాకా నోరు మూసుకో. పడ్డాక తెరువు. నోరెక్కడికీ పోదు."

*

మర్నాడు పొద్దున్న మాస్టారు సామాన్ల గదిలోకి పిలిచి "కూర్చో అమ్మాయ్" అన్నారు. ఆర్నెల్లలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అక్కడ కూర్చోడానికి ఏమీ లేదు కూడా. తలకిందులుగా ఉన్న రంగు డబ్బా మీద కూర్చుంది.

"పరీక్షకి ఏముంటుందో తెలుసుగా. రెండు ఇనప ముక్కలు పక్కపక్కన పెట్టి ఒక అతుకు. ఒక్కొక్కళ్ళకీ ఒకటి. అందరివీ నువ్వే వేసి ఉంచు. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన టీ తాగుతుంటాడు కదా, అప్పుడు బల్ల మీద సర్దేద్దాం."

"అందరివీనా మాస్టారూ?"

"వాళ్ళ చేతికి హోల్డరిస్తే ముక్కకి బొక్క పడుతుంది. సగం మంది ఫెయిలైతే సెంటరు మూసేస్తారు. అప్పుడు నీకూ లేదు సర్టిఫికెట్. నీ ఒక్కదాని పొట్టేనా, నీ తోటివాళ్ళ సంగతి చూడు."

"మరి నా ఉద్యోగం..."

"నీ సంగతి నాకొదిలెయ్. ఆ ఫోర్‌మన్ మనవాడే."

అలా అని అటక మీంచి సీలు కూడా తియ్యని రాడ్ల పెట్టె దించారు. దాని వెనకాల అలాంటివే ఇంకా కనిపించాయి. ఎవరు అడిగినా "రాడ్లు లేవురా, ఎక్కడినుంచి తేను" అన్న మనిషి ఈయనే. పుర్రచెయ్యి ఆ పెట్టెల వైపు ఇంకోసారి చూసింది గానీ, కోటి ఆలోచనలు పెట్టుకుంటే చెయ్యి కుదురుగా ఉండదని పనిలో పడింది. మాస్టారు ఏవో చట్రాలు బిగించడానికి బయటికి వెళ్ళారు.

కొన్ని ముక్కలు అతికాక పొడుగు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. విషయం అందరికీ తెలిసిపోయినట్టే ఉంది.

"నాది కొంచెం వంకరగా వెయ్యవే. మరీ అందంగా ఉంటే నాది కాదని తెలిసిపోద్ది."

"నీది నువ్వే వేసుకో. చేతులు లేవా?"

"ఉన్నాయి. ఏ రంగులో ఉన్నాయో చూడు." నవ్వుతూనే అన్నాడు గానీ, చేతులు చాపి అలాగే ఉంచాడు. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ, దాని కింద పాత నలుపు. "ఇక్కడ చేరాక నేను హోల్డరు పట్టుకుంది ఒకేసారి, సెంటరు కోసం ఫొటో తీసిన రోజు. ఫొటో అయ్యాక లాక్కుని నీకిచ్చాడు."

"అది మాస్టారు చేసింది. నన్నంటావేంటి?"

"నిన్నేం అనట్లేదులే. కాకపోతే నువ్వూ ఎవరికీ ఇవ్వలేదు. 'మీకు రాదు, జరగండి' అనేదానివి. అచ్చం ఆయన గొంతుతోనే."

"అన్నానా?"

"కళ్ళజోడుని అడుగు. ఒకసారి ఏడ్చింది కూడా, అద్దాలు తుడుచుకుంటున్నట్టు."

పుర్రచెయ్యి మాస్కు మొహానికి అడ్డం పెట్టుకుంది. రాడ్డు ముట్టించలేదు. ఆ నల్లటి అద్దం వెనకాల చీకట్లో, 'నీకొక్కదానికే అబ్బిందే' అన్న మాట మళ్ళీ వినిపించింది. ఈసారి తియ్యగా లేదు. తన చెయ్యి ఒక్కటి వేగంగా తిరిగితే చాలు, గేట్లు బయటికి పోతాయి. ఇంకో చేతికి నేర్పాలంటే రాడ్లు ఖర్చు, సమయం ఖర్చు. అందుకని మిగతావాటికి మట్టిచేతులని పేరు. ఆ పేరుని తను కూడా మోసింది, నవ్వుకుంటూ.

*

టైపు చేయించిన కాగితాలు తీసుకుని మేడం వచ్చింది. ఈసారి వారం ఆగలేదు, పరీక్ష దగ్గర పడింది కదా. ఒక్కొక్కరినీ పిలిచి ఇస్తోంది. మగపిల్లలందరి కాగితం మీదా 'కోరుతున్న పని: వెల్డర్' అని ఉంది. పొడుగుగాడి కాగితం మీద కూడా. కళ్ళజోడు కాగితం మీద, పుర్రచెయ్యి కాగితం మీద 'స్టోర్ హెల్పర్' అని ఉంది.

"మేడం, ఇది తప్పు పడింది."

మేడం చూసి, తల అడ్డంగా ఊపింది. "తప్పు కాదమ్మా. మాస్టారు అలా వెయ్యమన్నారు. ఆ షెడ్డులో ఆడపిల్లలకి హోల్డరివ్వరట. సామాన్ల గదిలో అయితే నీడపట్టున ఉంటారని..."

పుర్రచెయ్యి ఆ కాగితం పట్టుకుని నేరుగా వాకిట్లోకి వెళ్ళింది. మాస్టారు కొత్త గేటు ఊచలు కొలుస్తున్నారు.

"అందరికీ నేను అతికిపెట్టాలి. వెల్డర్లు వాళ్ళు. నేను వాళ్ళకి సామాన్లు అందించాలా మాస్టారూ?"

"స్టోరంటే ఏం తక్కువే? ఫ్యాను కింద కూర్చుని పని. నీ మంచికే రాయించాను."

"మరి నా వెల్డింగ్ సర్టిఫికెట్?"

"వస్తుంది, ఎక్కడికి పోతుంది? అద్దం కట్టించుకుని గోడకి తగిలించుకో. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు చదువుకుంటారు." గేటు పట్టుకున్న పిల్లల వైపు చూసి నవ్వారు. నవ్వుతారేమోనని కాసేపు ఆగారు కూడా. ఎవరూ నవ్వలేదు.

కోపం వస్తే అరుస్తారని అందరూ అనుకుంటారు. ఆ పిల్ల అరవలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి.  కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలికి వచ్చింది. మేడం సంచీ సర్దుకుంటోంది.

"మేడం, అనుభవం దగ్గర నిజం రాయొచ్చా?"

మేడం సంచీ జిప్పు సగంలో ఆగింది. గుమ్మంలోంచి కనిపిస్తున్న గేటుని మొదటిసారి చూసినట్టు చూసింది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక గేటుని దాటుకునే లోపలికి వచ్చింది మరి.

"రెజ్యూమేలో అబద్ధం రాయకూడదు. మొదటిరోజే చెప్పాను," అంది మెల్లగా. సంచీలోంచి తెల్లకాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "మళ్ళీ టైపు చేయించడానికి నాకు టైము లేదు తల్లీ. చేత్తో రాసినవి కూడా చెల్లుతాయి. అక్షరం కుదురుగా ఉంటే చాలు."

*

మాస్టారు గేట్ల పని మీద బయటికి పోగానే పుర్రచెయ్యి అందర్నీ మిషను చుట్టూ పిలిచింది. తను అప్పటిదాకా అతికిన పరీక్ష ముక్కలన్నీ తెచ్చి కింద పరిచింది.

"వీటి మీద రాడ్డు గీసి నేర్చుకోండి. నా అతుకు మీదే గీయండి. పాడైపోయినా పర్లేదు."

"అయ్యో, ఇంత బాగా వేశావు," అంది కళ్ళజోడు.

"పాడవ్వాలనే చెప్తున్నా. ముందు నువ్వు రా." హోల్డరు ఆమె చేతిలో పెట్టింది. పెట్టి, ఏదో అనాలనుకుని అనలేక, ఆమె కళ్ళజోడు తీసి తన చున్నీ అంచుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఆ పిల్ల కూడా ఏమీ అనలేదు.

నేర్పడం వేరే పని అని అప్పుడు తెలిసింది. చెయ్యి చేసుకుపోయేదాన్ని నోటితో చెప్పాలి. పక్కన నిలబడి చూపిస్తే వాళ్ళకి తిరగేసినట్టుంది. ఎదురుగా నిలబడి చూపిస్తే సరిపోయింది: ఆమె ఎడమచెయ్యి ఎటు కదిలితే వాళ్ళ కుడిచెయ్యి అటే, అద్దంలో చూసుకున్నట్టు.

"వెలుగుని చూడకు. దాని వెనకాల కరిగిన ఇనుము ఉంది చూడు, దాన్ని చూడు. చప్పుడు విను. కాగిన నూనెలో ఏదో వేగుతున్నట్టు రావాలి. పటపటమంటే దూరం జరిగావని. అతుక్కుపోతే భయపడ్డావని."

పొడుగు పట్టుకున్న రాడ్డు ముక్కకి అతుక్కుపోయింది. మళ్ళీ అతుక్కుపోయింది. చెప్పొద్దూ, రాడ్డుతో పాటు ముక్క కూడా పైకి లేచొచ్చింది.

"దీన్ని ఇలాగే ఇచ్చేద్దామా? చీపురులా ఉంది."

"మళ్ళీ ముట్టించు."

"ఫెయిలైతే ఏంటే నా గతి?"

"నీ చేత్తో నువ్వు ఫెయిలవుతావు."

"అదేదో బహుమతి ఇస్తున్నట్టు చెప్తున్నావే."

మాస్టారు లేని గంటలన్నీ అలాగే గడిచాయి. ఆయన వచ్చే అలికిడి వింటే గేటు పట్టుకునేవాళ్ళు గేటు దగ్గర, రంగు వేసేవాడు రంగు దగ్గర. సీలు తీసిన పెట్టె ఖాళీ అయ్యింది. దాని వెనకాల పెట్టెలూ దింపారు. నేల మీద రాడ్ల ముక్కలు కాలికి తగిలేంతగా పోగైతే, ఆయన వచ్చేలోపు ఊడ్చేసేవాళ్ళు. కళ్ళజోడు అతుకు వంకరగానే అయినా విడకుండా నిలబడింది. పొడుగుది ఇంకా బొక్కలే. ఒక్క వారంలో ఆర్నెల్లు రావు కదా. ఆఖరిరోజు అందరూ తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. ఎవరిది వాళ్ళే రాశారు. పక్కవాళ్ళ దాంట్లోకి ఎవరూ తొంగిచూడలేదు.

*

పరీక్ష పెట్టడానికి వచ్చినాయన బక్కగా, నెరిసిన జుట్టుతో ఉన్నాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. మోచేతుల దాకా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు, పాతవి. ఆయన వెనక ఫోర్‌మన్, చంకలో ఫైలు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, "ముందు టీ తాగుదాం సార్" అంటూ కుర్చీలు లాగి, పుర్రచెయ్యి పక్కకి వచ్చి పళ్ళ మధ్య నుంచి అడిగారు: "ముక్కలెక్కడే?"

"లేవు మాస్టారూ."

"లేవంటే?"

"రాడ్లు అయిపోయాయి. ప్రాక్టీసు చేశాం."

ఆ మొహంలో రంగు మారడం ఆమె ఎన్నాళ్ళయినా మర్చిపోదు. మాస్టారు తిట్టబోయి, మొహానికి నవ్వు పులుముకున్నారు. అటువైపు ఇద్దరు పెద్దమనుషులు చూస్తున్నారు.

ఒక్కొక్కరూ వెళ్ళి అతికారు. పుర్రచెయ్యి తన వంతు వచ్చినప్పుడు ఆగకుండా అతికింది. అతుకు చివర కొక్కెం దానంతటదే పడింది. పరీక్షాయన చిట్టెం కొట్టి, వేలితో తడిమి, పక్కన పెట్టాడు. కళ్ళజోడు అతికిన ముక్కని బిగించి సుత్తితో బాదాడు. వంగింది గానీ విడలేదు. దాన్నీ పక్కన పెట్టాడు. ఇంకో ఇద్దరివి నిలబడ్డాయి. మిగతావి చూసే కొద్దీ ఆయన నొసలు ముడుచుకుంది. పొడుగు అతికిన ముక్కని కంటి దగ్గర పెట్టుకుంటే బొక్కలోంచి అవతలి గోడ కనిపించింది.

"ఏమయ్యా, ఆర్నెల్లు నేర్చుకున్నది ఇదేనా?"

పొడుగు జేబులోంచి కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చాడు. "నా అనుభవం ఇందులో ఉంది సార్."

పరీక్షాయన కళ్ళకి దూరంగా పట్టుకుని పైకే చదివాడు. "అనుభవం. గేట్లకు రంగు వేయుట. కిటికీలకు రంగు వేయుట. హోల్డరు పట్టుకొనుట, ఒకసారి, ఫొటో కొరకు." ఆగి, పొడుగుని ఎగాదిగా చూశాడు. ఇంకో కాగితం తీశాడు. "గేటు కదలకుండా పట్టుకొనుట." ఇంకోటి. "చట్రాలు అరగదీయుట. మాస్టారి మేడ మీద రేకులు బిగించుట." ఇంకోటి, ఇంకోటి. ఆఖర్న పుర్రచెయ్యిది. "గేట్లకు, కిటికీలకు అతుకులు వేయుట. చేయించినవారు: మా మాస్టారు. చూడదలచినవారికి ఇళ్ళు చూపించగలను."

ఫోర్‌మన్ ఫైలుతో నోరు కప్పుకున్నాడు. మాస్టారు ముందుకొచ్చారు. "పిల్లలు సార్. ఎవరో ఎక్కించి రాయించారు. ఇక్కడ గేట్లెక్కడివి? వాకిట్లో ఆ ఒక్కటీ నమూనా కోసం నేనే బయట కొన్నాను."

పరీక్షాయన పుర్రచెయ్యి ముక్క పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. వెనకే అందరూ. సగం రంగు పడిన గేటు గోడకి ఆనించి ఉంది. ఆయన ఒక అతుకు మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా పోనిచ్చాడు. అక్కడ ఆగి, చేతిలోని ముక్క దాని పక్కన పెట్టి చూశాడు. ఇక్కడా కొక్కెం, అక్కడా కొక్కెం, రెండూ ఒకే వైపు, ఎడమచేతివాళ్ళు మాత్రమే తిప్పే వైపు తిరిగి ఉన్నాయి. ఇంకో అతుకు, ఇంకో అతుకు.

"కొన్నారా? ఎక్కడ కొన్నారు మాస్టారూ? ఈ అమ్మాయి కొట్లోనా?"

మాస్టారు ఫోను తీసి చూసుకున్నారు.

"నాకు నేర్పినాయన కొట్టేవాడు," అన్నాడు పరీక్షాయన, గేటుతోనే చెబుతున్నట్టు. "కొట్టినా హోల్డరు చేతిలో పెట్టి కొట్టేవాడు." చేతులు దులుపుకున్నాడు. "నిలబడ్డ ముక్కలకి సర్టిఫికెట్లు వస్తాయి. మిగతావాళ్ళని ఫెయిలని రాయను, నేర్పలేదని రాస్తాను. వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టమని, ఇంకో మాస్టారిని పంపమని కూడా రాస్తాను. పైవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలీదు. నేను చూసింది మాత్రం రాసి తీరతాను."

ఫోర్‌మన్ ఫైలు తెరిచాడు. "మాకు ముందే పంపిన కాగితంలో ఈ అమ్మాయిది స్టోర్ హెల్పర్ అని ఉందే."

"అది నేను రాసింది కాదు సార్. నాది ఇది." చేతిరాత కాగితం ఇచ్చింది. 'వెల్డర్' అన్న మాట కూడా సిరా కాస్త చెదిరే ఉంది.

"మా దగ్గర ఇంతవరకూ ఆడపిల్లలు లేరమ్మా. పైగా ఎడమచెయ్యి. మా కేబుళ్ళన్నీ కుడిచేతివాళ్ళకి వేలాడదీసినవి."

"కేబులు నేను మార్చుకుంటాను."

"మాటలు పడాల్సొస్తుంది. మగాళ్ళ షెడ్డు."

"ఇక్కడ పడ్డాను కదా సార్. అది కూడా అనుభవం కింద రాయమంటారా?"

ఫోర్‌మన్ నవ్వబోయి, ఆ పిల్ల నవ్వడం లేదని చూసి మానేశాడు. ముక్కని ఇంకోసారి తిప్పి చూశాడు. "సోమవారం రా. ఒక నెల చూస్తాను. బాగోకపోతే మొహమాటం లేదు, పంపించేస్తాను."

"బాగుంటే?"

"బాగుంటే ఉంటావు, ఇంకేముంది."

ఆమె అతనికి దండాలు పెట్టలేదు. ఇవ్వాల్సింది ఇచ్చాడు, అంతే అనిపించింది. కోపం ఇంకా చెవుల్లోనే ఉంది. అమ్మమ్మకి చెప్పాలి, ఇస్త్రీపెట్టె నెల ఆగి దించవచ్చని. నోరు ముందే తెరిచేశానని కూడా చెప్పాలి. దానికి తిట్లు ఎలాగూ తప్పవు.

*

పెద్దమనుషులు వెళ్ళిపోయాక షెడ్డులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందరూ సంచీలు తీసుకుని బయటికి వచ్చేసరికి, మాస్టారు గేటు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఫోను పక్కన నేలమీద మోగుతోంది. మోగి, ఆగి, మళ్ళీ మోగుతోంది. గేటు తాలూకు మనిషే అయ్యుండాలి. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, కుంచె రంగులో ముంచి, ఆయనే పూస్తున్నారు. గేటు పట్టుకోవడానికి ఎవరూ వెళ్ళలేదు. అది ఊగుతోంది.

పొడుగు దాటి వెళ్ళినవాడల్లా ఆగి వెనక్కి వచ్చాడు.

"మాస్టారూ."

ఆయన తలెత్తలేదు.

"కింది నుంచి పైకి వేస్తే కారుతుంది. పైనుంచి కిందికి రావాలి. కుంచె కూడా అంత ముంచకూడదు, డబ్బా అంచుకి ఒకసారి తుడవాలి." సంచీ భుజానికెత్తుకున్నాడు. "ఎందుకు చెప్తున్నానంటే, ఆర్నెల్ల అనుభవం నాది."

మాస్టారి కుంచె గాల్లో ఆగిపోయింది. ఆకుపచ్చ చుక్క ఒకటి ఊచ మీదుగా జారుకుంటూ కిందికి వచ్చి, పుర్రచెయ్యి వేసిన కొక్కెం దగ్గర ఆగింది.